ఖాళీ కుండకు ఐదు మార్కులు

లాతూరులో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దేటప్పుడు వత్సలాబాయి ఎర్ర పెన్ను మూత కొరుకుతూనే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె బడిలో కథల పాఠాలు చెబుతోంది, పిల్లలు గైడు అప్పజెబుతున్నారు. ఈసారి ప్రశ్న వచ్చిన కథలో అంటరాని ముసలామె, ఎవరైనా నీళ్లు పోస్తారేమోనని ఖాళీ కుండతో ఊరిబావి దగ్గర పొద్దస్తమానం కూర్చుంటుంది. కుండ దేనికి ప్రతీక? అందరూ ‘ఓర్పుకు’ అనే రాశారు. ఒక్క పిల్ల మాత్రం ‘దాహానికి. ఆమెను తోడుకోనివ్వలేదు’ అని రాసింది. బాయి మూత కొరకడం ఆపి ఐదుకి ఐదు వేసింది.

“జవాబుల కీలో ఓర్పనే ఉంది బాయీ, సున్నా వెయ్యండి,” అన్నాడు పెద్ద పరీక్షకుడు ఇంగోలే.

“మీరెప్పుడైనా అలా కూర్చున్నారా సర్?”

“నాకేం ఖర్మ?”

“మా అమ్మ కూర్చుంది.”

ఇంగోలే ఆ పిల్ల పత్రం మీద ఐదు కొట్టేసి సున్నా చుట్టాడు. తర్వాతి పత్రంలో ఓర్పే ఉంది. కీ ప్రకారం దానికి ఐదు వేస్తుంటే, ఆమె పళ్ల మధ్య మూత పుటుక్కున విరిగింది.