కంటిన్యుటీ వరప్రసాద్ గారి రెండో బొత్తాం

నిన్న ఉన్నది ఇవాళ కూడా ఉన్నచోటే ఉండాలి. మా వరప్రసాద్ గారికి ఈ లోకం మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే.

తప్పు ఆయనది కాదు. ఉద్యోగం అలాంటిది. ఒక షాట్‌లో హీరో ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే, వారం తర్వాత తీసే రెండో షాట్‌లోనూ ఎడమచేతిలోనే ఉందో లేదో చూడటం ఆయన పని. దాన్నే కంటిన్యుటీ అంటారు. ఆయన రిటైరయ్యారు గానీ కంటిన్యుటీ రిటైరవలేదు.

శ్రీనగర్ కాలనీ టిఫిన్ సెంటర్లో ఓసారి ప్లేటు చూసి ఉలిక్కిపడ్డారు. "ఏమయ్యా, నిన్న పచ్చడి ఎడమవైపుంది. ఇవాళ కుడివైపుకి ఎలా వచ్చింది?"

"తినండి సార్, చల్లారిపోతుంది."

"తింటే షాట్ కలవదయ్యా!"

చివరికి ఆయనే లేచి, టేబుల్‌కి అవతలివైపు కూర్చుని తిన్నారు. బావమరిది మీసం తీయించుకుని వస్తే మాత్రం గుమ్మంలోనే ఆపేశారు. "పెరిగాక రా" అన్నారు. పాపం, అతను కాఫీ మెట్ల మీదే తాగి వెళ్ళాడు.

అన్నిటికన్నా ఘోరం ఆ నీలం గీతల చొక్కా. రోజూ మధ్యాహ్నం అదే చొక్కా. రెండో బొత్తాం దారానికి వేలాడుతూ ఉంటుంది. ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు సూది, దారం పట్టుకుని వెంటపడితే, "కంటిన్యుటీ!" అని అరిచి పరుగు. ఆ చొక్కా నీళ్ళ మొహం చూసి ఎన్నాళ్ళయిందోనని ఫిల్మ్‌నగర్‌లో మేమంతా ఆయనకి గాలివాటం చూసుకుని నిలబడేవాళ్ళం.

అది వేసుకుని వెళ్ళేది ఎక్కడికో కాదు, వాళ్ళ సందు చివర అమ్మాజీ నడిపే పిల్లల కేంద్రానికి. షూటింగుల్లో పనిచేసే ఆడవాళ్ళు పిల్లల్ని అక్కడ వదిలి వెళతారు. ఫీజులో సగానికి పైగా ప్రభుత్వ సాయం. కాస్ట్యూమ్స్ ఇస్త్రీ చేసే అరుణజ్యోతి, ఏడాదిన్నర కొడుకు చింటుని అక్కడ దించి పనిలోకి వెళ్ళగలుగుతోందంటే ఆ సాయం వల్లే.

ఓ సాయంత్రం నేను వరప్రసాద్ గారింట్లో ఉండగానే అరుణజ్యోతి రొప్పుతూ వచ్చింది.

"సార్, ఆగమైన! రేపు ఆఫీసర్ మేడం వస్తదట. రికార్డుల ఉన్న ఫొటోకు మొఖం కలవకుంటే పేరు కొట్టేస్తదట. ఎక్కడనో ఒకరి పిల్లగాన్ని ఇంకొకరి పేరు మీద చూపిచ్చిండ్రట!"

"మీవాడు మీవాడే కదమ్మా?"

"ఫొటోల చెవులు మూసేంత జుట్టున్నది సార్. మొన్ననే మా అత్త వేములవాడకు తోల్కపోయి గుండు గీయించింది. సాయం బంద్ అయితే పని ఇడిసిపెట్టి ఇంట్ల కూసోవాలె. కిరాయి ఎవలు కడ్తరు?"

వరప్రసాద్ గారి కళ్ళు మెరిశాయి. "సినిమావాళ్ళం, జుట్టుకి భయపడతామా?"

మర్నాడు మధ్యాహ్నం కేంద్రంలో చింటు నెత్తి మీద బాలకృష్ణుడి విగ్గు ప్రత్యక్షమైంది, నెమలి పింఛంతో సహా. పింఛం పీకితే విగ్గే విడిపోతుందన్నాడట అద్దెకిచ్చినవాడు.

ఆఫీసర్ నవత మేడం వచ్చి చింటుని చూసి ఆగిపోయింది. "ఈ పింఛం ఏంది?"

"వాడికి భక్తి ఎక్కువండీ" అన్నాను నేను.

చింటు విగ్గు లాగి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పడేశాడు.

"ఫొటోల జుట్టుంది. గీడ విగ్గుంది. అంటే బాబు వేరు!" మేడం కోపంగా ట్యాబ్ తెరిచింది.

"నా కొడుకే మేడం, ఒట్టు!" అరుణజ్యోతి ఏడ్చేసింది.

"అందరూ గట్లనే అంటరమ్మా."

తల్లి ఏడుపు చూసి చింటు గుక్కపట్టాడు. అమ్మాజీ ఎత్తుకుంటే జారిపోయాడు. నేను చేతులు చాపితే నన్ను తన్నాడు. తూలుకుంటూ వెళ్ళి వరప్రసాద్ గారి ఒళ్ళోకెక్కి, ఎడమ పిడికిలితో రెండో బొత్తాం పట్టుకుని, కుడి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. ఏడుపు టక్కున ఆగింది.

మేడం ట్యాబ్‌లోని ఫొటో పెద్దది చేసింది. పిల్లాణ్ణి ఎత్తుకున్నవారి తల ఫొటోలో పడలేదు. నీలం గీతల చొక్కా, వేలాడే బొత్తాం, దాన్ని పట్టుకున్న ఎడమ పిడికిలి, నోట్లో కుడి బొటనవేలు మాత్రం ఉన్నాయి. ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. మళ్ళీ ఆ ముక్కూ కళ్ళూ చూసింది.

"బాబే" అంది నవ్వుతూ. "సాయం ఆగదమ్మా. ఆ విగ్గు మాత్రం జర నా బ్యాగుల నుంచి తియ్యుండ్రి."

ఇంటికొస్తూ ఆ చొక్కా సంగతేమిటని ఆయన్ని నిలదీశాను. ఆయన సిగ్గుపడ్డారు.

"వాడు నిద్రలేవకముందే తల్లి అక్కడ దించి వెళ్ళిపోతుందయ్యా. ఆయాలా, రోజుకొకరు. మొదట్లో ఒకటే ఏడుపు. ఓరోజు ఈ బొత్తాం దొరికింది, పట్టుకుని నిద్రపోయాడు. మర్నాడు వేరే చొక్కాలో వెళితే నన్ను గుర్తే పట్టలేదు. అన్నీ మారిపోతుంటే వాడికి ఒక్కటైనా ఉన్నచోట ఉండొద్దూ?"

ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత ముద్దొచ్చింది. పైకి మాత్రం, "అయినా ఆ చొక్కా ఉతికించండి" అన్నాను.

"ఉతక్కపోవడమేంటండీ!" సీతామహాలక్ష్మి గారు బాల్కనీలోంచి అందుకున్నారు. తీగ మీద అలాంటివే ఇంకో రెండు చొక్కాలు ఆరుతున్నాయి, రెండింటికీ రెండో బొత్తాం వేలాడుతూ. "మూడు కుట్టించి, మూడింటికీ బొత్తాలు వేలాడదీయించారు. నాకా, కారణం చెప్పరు!"

నేను చెప్పాను.

ఈలోగా ఆయన కేకేశారు. "సీతా! ఆ చివరి చొక్కా బొత్తాం దారం పొట్టిగా ఉంది. కంటిన్యుటీ పోయింది!"

ఆవిడ లోపలికి వెళ్ళి సూది, దారం తెచ్చుకుని, ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఎంత కిందికి వేలాడాలో చూపించండి."