శ్రీవాణి ఎవరికీ చెప్పని కొట్టు

జనగామలో పెళ్లి జాకెట్టుకు మగ్గం పని చేయించాలంటే ముందుగా వినపడేది శ్రీవాణి పేరే. ఆ పేరు ఆమె ఊరికే తెచ్చుకున్నది కాదు. ఆమె సూది పడితే గుడ్డ మీది నెమలి ఎగిరిపోతుందేమోనని పెళ్లికూతురు భుజం తడుముకోవాల్సిందే. పొగిడితే ఎంతసేపైనా వింటుంది. "ఈ పూసలు ఎక్కడ కొన్నావు?" అని అడిగితే మాత్రం ఆమెకు అప్పుడే పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి.

భర్త విజయ్‌ది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. సరుకు ఎక్కడి నుంచి వస్తుందో నోరు జారితే వ్యాపారం జారిపోతుందని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అత్తింటి నుంచి శ్రీవాణి నేర్చుకున్న విద్య అదొక్కటే. దాన్ని మాత్రం బాగా నేర్చుకుంది.

మొదట్లో దాచుకోవడానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు. ఫోన్‌లో నెమలికంఠం రంగు దారం చూసి తెప్పిస్తే మురికి మోరీ నీళ్ల రంగుది వచ్చింది. గోరంత అద్దాలనుకుని తెప్పిస్తే చీమలు ముఖం చూసుకునేవి వచ్చాయి. వాపసు పంపుదామంటే ప్యాకెట్ విప్పకుండా ఉండాలన్నారు. విప్పకుండా లోపలి రంగు ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు. పోనీ ఊళ్లోనే కొందామా అంటే మ్యాచింగ్ సెంటర్ లక్ష్మీనారాయణ ఉన్నాడు. ఏది అడిగినా తలెత్తకుండా "గసొంటిది ఇప్పుడు నడుస్తలేదమ్మా" అనేవాడు. తన కొట్లో లేని వస్తువు లోకంలో ఎక్కడా నడవదని ఆయన నమ్మకం.

అలాంటి రోజుల్లో శ్రీవాణి భూపాలపల్లి వెళ్లింది. అక్కడ సింగరేణి క్వార్టర్లలో ఆమె చెల్లెలు నిఖిత ఉంటుంది. ఇద్దరూ కాళేశ్వరం వెళ్లి దర్శనం చేసుకుని వచ్చారు. కూరగాయలకని బజారుకు వెళ్లినప్పుడు, పంక్చర్ షాపుకూ చికెన్ సెంటర్‌కూ మధ్య ఇరుక్కున్న చిన్న కొట్టు శ్రీవాణి కంటపడింది. బోర్డు లేదు. గుమ్మానికి పూసల దండలు తోరణాల్లా వేలాడుతున్నాయి. లోపల కట్టమ్మ అనే ముసలమ్మ కూర్చుని ఉంది. చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు లంగాలకు కుట్టుకునే అద్దాలూ గవ్వలూ దారాలూ ఆమె దగ్గరే కొనేవారు.

ఆ దండల్లో ఒకటి చూసి శ్రీవాణి కూరగాయల సంగతే మరిచిపోయింది. పెసరగింజంత ఆకుపచ్చ గాజు పూసలు. ప్రతి పూస నడుమా తెల్లటి చార. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల నీళ్లు కదిలినట్టుంది.

"ఇవి ఏడికెల్లి వస్తయవ్వా?"

"హైదరాబాద్ సేటు పంపిస్తడు బిడ్డా. అమ్ముడువోయిన కొద్దీ పంపుతనే ఉంటడు."

ఆ రోజు నుంచి శ్రీవాణికి చెల్లెలి మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే బస్సులో ఆడవాళ్లకు ఉచితమే కాబట్టి ఆ ప్రేమకు అడ్డుపడేదీ లేకపోయింది. అక్క ఇన్నిసార్లు తన కోసమే వస్తోందని నిఖిత మురిసిపోయేది. కట్టమ్మ న్యూస్‌పేపర్‌లో కట్టిచ్చిన పూసల్ని శ్రీవాణి ఇంటికి రాగానే పాత ఆన్‌లైన్ కవర్లలోకి మార్చి టేపు వేసేది. ఎవరైనా చూస్తే పార్శిల్ ఇప్పుడే వచ్చిందనుకోవాలి కదా.

ఆ పూసల జాకెట్ల ఫొటోలు మగ్గం పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. ఆ గ్రూపులోనే రజిత ఉంది. పెద్దవంగర పిల్ల, మానుకోటలో కాపురం. మానుకోట అంటే మహబూబాబాదే, అక్కడివాళ్లు ఆ పెద్ద పేరుతో పిలవరంతే. పని కొత్తగా మొదలుపెట్టిన ఆమె ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"అక్కా, గా ఆకుపచ్చ పూసలు ఏడ దొరికినయ్?"

"ఆన్‌లైన్ల తెప్పించిన."

"జర లింకు పంపరాదక్కా."

శ్రీవాణి ఒక లింకు పంపింది. తనకు ఒకసారి రంగు పోయే ముత్యాలు అంటగట్టిన దుకాణం లింకు అది. పూసలు అయిపోయాయట, ముత్యాలు మాత్రం బాగుంటాయని పక్కన ఒక మాట కూడా రాసింది. అబద్ధం చెప్పానన్న బాధ ఆమెకు ఏ కోశానా లేదు. లింకు అడిగారు, లింకు ఇచ్చింది.

రజిత ఆ ముత్యాలతో ఒక పెళ్లి జాకెట్టు నింపింది. రిసెప్షన్‌లో చెమట పట్టేసరికి వాటి పైపూత ఊడింది. మెరుపు సగం పెళ్లికూతురి మెడకూ, సగం పెళ్లికొడుకు షేర్వానీకీ అంటుకుంది. జాకెట్టు మీద తెల్లటి ప్లాస్టిక్ గుండ్లు మిగిలాయి. రజిత ఏడుస్తూ ఫోన్ చేస్తే శ్రీవాణి చాలా నొచ్చుకుంది. "అయ్యో, నాకైతె మంచిగనే వచ్చినయ్‌రా! నీ నసీబ్ బాగలేదు," అంది.

భూపాలపల్లిలో కట్టమ్మకు బేరాలు తగ్గసాగాయి. "తండల ఆడపిల్లలు ఇప్పుడు లంగలు కుట్టుకుంటలేరు బిడ్డా, అన్నీ డ్రెస్సులే," అని ఒకరోజు ఆమె గోడు చెప్పుకుంది. "నీ అసొంటి పనోళ్లు ఉంటరు గద, జర నలుగురికి చెప్పు. సేటు గూడ సరుకు పంపనంటున్నడు."

"చెప్పకుంట ఉంటనా అవ్వా! అందరికి చెప్తనే ఉన్న."

కట్టమ్మ ముఖం వెలిగింది. ఆ సంతోషంలో కొలిచిన పూసల మీద ఇంకో గుప్పెడు పోసింది. శ్రీవాణి వద్దనలేదు.

తర్వాత జనగామలో పెద్ద పెళ్లి కుదిరింది. మానుకోట సంబంధం. పెళ్లికూతురి తల్లి తెల్లచార పచ్చపూసలతోనే జాకెట్టు నిండా పని కావాలంది. మెడ పూర్తయ్యేసరికి పూసలు నిండుకున్నాయి. చేతులకు కావలసినవి తెచ్చుకుందామని శ్రీవాణి భూపాలపల్లి బస్సెక్కింది. వెళ్లేసరికి కొట్టు గుమ్మానికి సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కట్టమ్మ వెనక ఇంట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

"కొట్టేమైందవ్వా?"

"బంద్ వెట్టిన బిడ్డా. కిరాయికిచ్చిన."

"మరి పూసలో?"

"సంతల అమ్మెటాయనకు గంపగుత్తగ ఇచ్చేసిన."

"నాకొక్క ఫోన్ చెయ్యకపోతివి!" శ్రీవాణి గొంతులో నిజంగానే అన్యాయం జరిగిన బాధ పలికింది.

"నంబరు అడిగితె మల్లొచ్చినప్పుడు ఇస్తనంటివి. నువ్వు నలుగురికి చెప్పినా ఒక్కరన్న రాకపాయె. మీ జనగామోళ్లకు నా కొట్టు నచ్చలేదేమో అనుకున్న."

శ్రీవాణి సంచీ భుజానికి తగిలించుకుంది. "జనాలకు మంచి వస్తువు విలువ తెల్వదవ్వా."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని గ్రూపులో పెద్ద సందేశం రాసింది. ఆన్‌లైన్ మోజులో పడి మన చిన్న కొట్లను మనమే చంపుకుంటున్నామని, భూపాలపల్లిలో ఒక ముసలమ్మ కొట్టు మూతపడటం చూసి గుండె తరుక్కుపోయిందని, ఇప్పటికైనా మేలుకోమని రాసింది. బస్సు పరకాల దాటకముందే చప్పట్ల బొమ్మలు వరుసకట్టాయి. రజిత మాత్రం బొమ్మ పెట్టకుండా ఫోన్ చేసింది.

"భూపాలపల్లి కొట్టా? నువ్వు ఆన్‌లైన్ అంటివి గదక్కా."

"ఆన్‌లైన్ల గూడ తెప్పించిన. ఇప్పుడు ఏడ గూడ దొరుకుతలేవు, జాకెట్టు చేతుల పని ఆగింది."

అవతల రజిత నవ్వింది. కోపంతో తిట్టినా శ్రీవాణికి అంత మండేది కాదు. "సరే తియ్యి. మానుకోటల ధర్మా అన్న కొట్టుంది, రా. ఏదడిగినా తెప్పిస్తడు."

అవసరం శ్రీవాణిది కాబట్టి రైలెక్కింది. ధర్మా కొట్టు ముందు ఆడవాళ్లు మూగి ఉన్నారు. రజిత కనపడ్డవాళ్లందరికీ ఆ కొట్టు చెప్పేసిందని తెలిసి, ఈ పిల్ల ఎలా బతుకుతుందోనని శ్రీవాణి జాలిపడింది. సందు చూసుకుని కౌంటర్ మీదికి వంగి ధర్మా చెవిలో చెప్పబోయింది.

"ఏందక్కా? జర గట్టిగ చెప్పు!" అని అతను అరిచాడు.

చేసేదిలేక చేతిరుమాలు ముడి విప్పి, నమూనాకని మిగుల్చుకున్న ఒక పూస చూపించింది. పక్కనున్న ఆడమనిషి దాన్ని చటుక్కున అందుకుంది. పూస చేతులు మారింది. ఒకామె వెలుతురుకు పెట్టింది, ఒకామె చెవి దగ్గర పెట్టుకుంది.

"ఒక్కరి కోసమైతె సేటు పంపడు. ఎంతమందికి గావాలె?" అన్నాడు ధర్మా.

"నాకు!" "నాకు గూడ అన్నా!" అని నలువైపుల నుంచీ కేకలు. అందరికంటే గట్టిగా అరిచింది రజితే. తన పూస ఏ చేతిలో ఉందో తెలియక శ్రీవాణి ఆ చేతుల మధ్య వెతుక్కుంటూ నిలబడింది.

పూసలు వచ్చాయి. జాకెట్టు వేళకు పూర్తయింది, పెళ్లి బాగా జరిగింది, పెళ్లికూతురి తల్లి శ్రీవాణిని నోరారా పొగిడింది. ఫొటోగ్రాఫర్ అందరినీ వేదిక మీద నిలబెట్టినప్పుడే తంటా వచ్చింది. పెళ్లికూతురికి అటు పక్క ఆడబిడ్డ చేతుల మీద తెల్లచార పచ్చపూసలు. ఇటు పక్క తోటికోడలి వీపు నిండా తెల్లచార పచ్చపూసలు. రెండూ రజిత పనే. తోటికోడలి జాకెట్టు మీది కలువపూలైతే చాలా బాగున్నాయి కూడా.

ఆ ఫొటోను స్టేటస్‌లో పెట్టాలని శ్రీవాణి ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చుంది. అటు పక్క ఆడబిడ్డను కత్తిరించింది. ఇటు పక్క తోటికోడలిని కత్తిరించింది. ఇంకా అంచున రెండు పూసలు కనపడుతుంటే మరికొంచెం జరిపింది. పెళ్లికూతురి మోచేయి ఎగిరిపోయింది. పోతే పోయిందనుకుని పెట్టేసింది.