మొహర్రం నాటి కేకు

ఇవాళ పొద్దున్నే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మూడంతస్తుల కేకు బొమ్మ ఒకటి వచ్చింది. పైన ఆకుపచ్చ నెలవంక, చుట్టూ తారాజువ్వలు, కింద ‘హ్యాపీ ఇస్లామిక్ న్యూ ఇయర్’. పంపింది మా అధ్యక్షులవారు. ఐదు నిమిషాల్లో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టేశారు. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కన చుట్టూ గోడ కట్టుకుని బతికే ఈ జనానికి ఎవరి కొత్త సంవత్సరమైనా ఒకటే. కేకుండాలి, ఫొటో ఉండాలి, ఎనిమిదింటికల్లా భోజనాలైపోవాలి. అసలది వేడుక చేసుకునే రోజో కాదో కనుక్కునే తీరిక ఎవడికుంది? రెండేళ్ల కిందట ఇదే రోజున వీళ్లు చేసిన ఘనకార్యం గుర్తొచ్చి కాఫీ చేదెక్కింది.

మా ఎంకపల్లిలో పీర్ల కొట్టం చూసుకునే పెద్దాయనను ఊరంతా చాచా అనేవాళ్లం. మొహర్రం నెలవంక కనబడిన సాయంత్రం నుంచి పది రోజులు ఆయన చెప్పులు తొడిగేవాడు కాదు, మంచమెక్కేవాడు కాదు, పాన్ ముట్టేవాడు కాదు. నోరు ఎర్రగా లేని చాచాను చూస్తే ఎవరో చుట్టం వచ్చాడేమో అనిపించేది మాకు. మీ కొత్త సంవత్సరానికి కొత్త బట్టలెందుకు కొనుక్కోరని ఒకసారి అడిగాను. అప్పుడు నాది ఐదో తరగతి, ఉగాది చొక్కా చిరిగిన దుఃఖంలో ఉన్నాను. “కొత్త బట్టలేంది బిడ్డా! ప్రవక్త సొంతూరు ఇడిసిపోయిన కాడికెల్లి మా ఏండ్లు లెక్కవెడతరు. ఇగ మొదటి నెలల్నే ఆయన మనుమడు హుసేన్, దూపకు నీళ్లు దొర్కక, కర్బలల పానం ఇడిసె. ఏడు షురువయితే ముందుగాల గది యాది చేస్కోవాలె, దువా చేస్కోవాలె. ఎగురుడు దుంకుడు ఏంది?” అన్నాడు. పదో రోజు ఉపవాసంతోనే పీర్లను, అంటే పట్టుబట్టలు చుట్టిన పొడవాటి కర్రల మీది లోహపు పంజాలను, భుజానికెత్తుకుని వాగుకు తీసుకుపోయేవాడు. ఊరంతా వెంట నడిచేది. హిందువుల ఇళ్ల ముందు కూడా ఆగి, మోసేవాళ్ల కాళ్ల మీద బిందెడు నీళ్లు పోయించుకుని గానీ పీర్లు కదిలేవి కావు.

ఆ వాగుకు పోయే బండ్లబాట మీదే మా కాలనీ లేచింది. బాట పక్క చేను అమ్మిన మహానుభావుల్లో నేనూ ఒకడిని. అమ్మి, మళ్లీ అందులోనే ఇల్లు కొనుక్కున్న అతితెలివి కూడా నాదే. మొదట్లో పదో రోజు పీర్ల కోసం గేటు తెరిచేవాళ్లు. రెండేళ్ల కిందట కొత్త కమిటీ వచ్చింది, కమిటీతో పాటు సర్వమత సామరస్యమూ వచ్చింది. మొహర్రం మొదటి సాయంత్రమే క్లబ్‌హౌస్‌లో బెలూన్లు కట్టి, చాచాను ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన వట్టి కాళ్లతో వచ్చాడు. అధ్యక్షులవారు శాలువా కప్పి చేతికి ప్లాస్టిక్ కత్తి ఇచ్చారు. చాచా ఆ కత్తిని చూశాడు, మమ్మల్ని చూశాడు, మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

“నాకు కేకు గీకు వద్దు సారూ. పదో దినం పీర్లు వాగుకు వోతయి. అర్ధగంట జర గేటు తెరువుండ్రి, గంతే.”

“అయ్యో, దానికేముందండీ! ఆ ఊరేగింపేదో ఇవాళే పెట్టేసుకోండి, న్యూ ఇయర్ కదా. డీజే కూడా మేమే ఇస్తాం. పదో రోజు సర్కారు సెలవైనా మా కంపెనీలకు వర్కింగ్ డే అండీ. డప్పులూ ఏడుపులూ అంటే, మావాళ్లకి మీటింగులుంటాయి” అన్నారు అధ్యక్షులవారు.

ఒకరి తద్దినాన్ని తన వీలు చూసుకుని ముందుకు జరపమన్నాడు ఆ పెద్దమనిషి. ఛీ! అక్కడున్న ఒక్కరి ముఖంలోనూ సిగ్గు లేదు. పైగా ఎంత మంచి ఆలోచన అన్నట్టు తలలూపారు. చాచా నా వైపు తిరిగి, “నువ్వన్న జెప్పు బిడ్డా” అన్నాడు. నా నోట్లో అప్పటికే కేకు ఉంది.

పదో రోజు మధ్యాహ్నం డప్పులు గేటు దాకా వచ్చి ఆగాయి. మా గేటుకొక యాప్ ఉంది. బయటివాళ్లు ఎవరింటికి వచ్చారో కాపలా మనిషి అందులో రాస్తే, ఆ ఇంట్లో ఫోను మోగుతుంది, వాళ్లు సరేనని నొక్కితే గేటు తెరుచుకుంటుంది. ఆ కాపలా మనిషి మా దగ్గరి ఊరు ముడిమ్యాల వాడు. ముందు నాకు మామూలుగా ఫోన్ చేశాడు. “సార్, చాచా పీర్లు పట్కొని ఎండల నిలవడ్డడు. మీ ఇంటికొచ్చిన సుట్టాలని రాస్త. మీరు జర ఒత్తుండ్రి, గేటు తీస్త. నన్నెవ్వలేమనరు” అన్నాడు. ఎంత తేలిక దారి! మరుక్షణం యాప్ మోగింది. పచ్చ గుండ్రం ఒకటి, ఎర్ర గుండ్రం ఒకటి. అధ్యక్షులవారిది ఎదురిల్లే. సాయంత్రం గ్రూపులో ఏమంటారో, ఎవరెవరు నా పేరెత్తుతారో అనుకున్నాను. పింఛను తీసుకుంటూ ఎవడికీ జవాబు చెప్పాల్సిన పనిలేని మనిషిని, భయపడ్డాను. ఎర్రదీ నొక్కలేదు, పచ్చదీ నొక్కలేదు. చూస్తూ కూర్చున్నాను. మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి డప్పులు తారురోడ్డు వైపు మళ్లాయి. ఉపవాసమున్న ముసలాయన, వట్టి కాళ్లతో, లారీల పక్కనుంచి మా గోడంతా చుట్టి పోయాడు.

ఇంతసేపూ వాళ్లను తిట్టుకున్నాను గానీ, ఆ నెలంటే ఏమిటో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఆ తర్వాత రెండేళ్లు ఎట్లా గడిచాయో కూడా గుర్తులేదు, ఆ ఫోను మోగిన అర నిమిషం మాత్రం ఇంకా గడవలేదు.