తాయమ్మ బొమ్మల కెమెరా

తొంభైల చివర్లో తిరుపతిలోని ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో తాయమ్మ ఆయాగా పనిచేసేది. రోజూ ఏర్పేడు నుంచి బస్సులో వచ్చేది. ఏ బిడ్డ ఆకలికి ఏడుస్తోందో, ఏ బిడ్డ అమ్మ కోసం ఏడుస్తోందో వింటూనే చెప్పేది. కార్వేటినగరం నుంచి వచ్చిన మహిత మాత్రం కట్టు విప్పే ట్రే కనబడితే చాలు, ఊపిరి బిగబట్టి కొయ్యబారిపోయేది. కాగే గంజి ఒలికి ఆ పిల్ల మోచేయి కాలింది. చెయ్యి చాపనివ్వకపోతే ఆ మడత అట్లాగే అతుక్కుపోతుందని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి తల్లి రేవతికి ముద్ద దిగడం లేదు.

"నువ్వు తిను తల్లీ. దాని సెయ్యి సంగతి నేను సూస్తా" అంది తాయమ్మ. ఎట్లా చూస్తుందో ఆమెకే తెలియదు.

సెలవు రోజు కొండెక్కి స్వామికి మొక్కుకుంది. బయటికొస్తే, అంగడి ముందు ఒక బిడ్డ బొమ్మల కెమెరా కంటికి ఆనించుకుని, వాళ్ళ నాయన ఎంత పిలిచినా పలకడం లేదు. మీట నొక్కితే లోపల దేవుడి బొమ్మలు మారే ప్లాస్టిక్ కెమెరా. తాయమ్మ ఒకటి కొనుక్కుని దిగింది.

మరునాడు నర్సు గ్రేసీ కట్టు విప్పుతుంటే, తాయమ్మ దాన్ని మహిత కంటికి ఆనించి మీట నొక్కింది.

"ఎవురు కనపడినారు?"

"గోవిందా!" అంటూ మహిత రెండు చేతులూ నెత్తిమీదికి ఎత్తబోయింది. కాలిన చెయ్యి గ్రేసీ పట్టులోంచి జారింది. పిల్ల కేకకు వార్డంతా ఉలిక్కిపడింది.

"సామిని సూపిస్తే సేతులెత్తకుండా ఉంటాదా అక్కా? మనం నేర్పింది అదే గదా!" అంది గ్రేసీ, కోప్పడలేక.

తాయమ్మ చెంపలేసుకుంది. పట్టు మాత్రం వదల్లేదు. సాయంత్రం బస్టాండు దగ్గర అంగళ్ళన్నీ తిరిగింది.

"దేవుడు లేంది కావాలప్పా."

"తిరపతికొచ్చి దేవుడు లేంది అడగతాండావే!" అని నవ్వి, అంగడి మునస్వామి అడుగునున్న పెట్టెలోంచి ఏనుగుల బొమ్మలున్నది వెతికిచ్చాడు.

మరునాడు కట్టు విప్పేటప్పుడు దానికి కన్ను ఆనించగానే మహితకు ట్రే లేదు, వార్డు లేదు. "అవ్వా, ఏనుగు నీళ్ళు సల్లుకుంటాండాది! నొక్కు, నొక్కు!" నొప్పికి పెదవి వణికినప్పుడల్లా తాయమ్మ మీట నొక్కింది. గ్రేసీ కట్టు కట్టేసింది.

రోజులు గడిచి పుండు మానింది. ఇక చెయ్యి బాగా చాపాలన్నారు. మహిత భయపడి ముడుచుకుంది. తాయమ్మ సంచిలోంచి మొదటి కెమెరా తీసి కంటికి ఆనించింది.

మంచి చెయ్యి చప్పున లేచింది. కాలిన చెయ్యి మెల్లగా కదిలి, సగంలో ఆగి, మళ్ళీ లేచింది. రేవతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంకా పైకి పాపా! సామి కొండమీద గదా ఉండేది" అంటూ తాయమ్మ మళ్ళీ మీట నొక్కింది.