మేడం చదివి వినిపించమన్న కాగితం

ఇనుప గనుల ఊరైన మా కిరండూల్ సంతలో ఈ ఉదయం తొలి మామిడికాయలు కనిపించాయి. సొన వాసనకే నోరూరింది. చెయ్యి చాచాక సుశీల మేడం గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నాను.

మేడం మా కాలేజీలో చరిత్ర చెప్పేవారు. గనిలో పనికోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం మాది. బస్తర్ చరిత్రంటే ముందు రాజులు, తర్వాత మా ఇనుపరాయి అనుకునేదాన్ని. నిన్నమొన్నటి సంగతులూ చరిత్రేనని, వాటిని బతికున్న మనుషుల దగ్గర సరిచూసుకోవాలని నేర్పింది ఆవిడే. ఎవరి గురించి రాశామో వాళ్లకే చదివి వినిపించాలని ఆవిడ పట్టు. నాకది చాదస్తంగా తోచేది.

అడవిలో తుపాకులు మోగిన గొడవల రోజుల్లో జనం వదిలిపోయిన ఊళ్ల మీద నా పరిశోధన. మరైగూడ దగ్గరి ఒక ఊరి గురించి సర్కారు కాగితాల్లో ఉన్నదే నేనూ రాశాను: జనం సరిహద్దు దాటి భద్రాచలం వైపు పోయారు, తిరిగొచ్చేదాకా ఊరు ఖాళీ. వారంలో సమర్పించాలి. "ఒకసారి వెళ్లి చదివి వద్దామమ్మా" అన్నారు మేడం. గొణుక్కుంటూనే బస్సెక్కాను.

ఆ ఊళ్లో భీమె అనే ముసలావిడ వాకిట్లో కూర్చుని నేను చదివింది ఓపిగ్గా విన్నది. "ఖాళీ" దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"ఖాళీ ఏంది బిడ్డా? ఏటా మామిడి కొత్తల పండుగకు రెండు దినాలు వచ్చేటోళ్లం గదా. ఈడ భూమితల్లికి పెట్టకుండ కొత్త కాయ ఎట్ల తింటం?"

"రెండు రోజులేగా అవ్వా?" అన్నాను, రాసింది నిలబెట్టుకుందామని.

"రెండు దినాలే. గా రెండు దినాల్లనే నా మనుమడు ఈడ పుట్టిండు. ఖాళీ ఊర్ల పిల్లగాడు ఎట్ల పుడ్తడు?"

ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని అడవి దాటి వచ్చినవాళ్లను ఒక్క మాటతో లేకుండా చేశాను. మేడం ఆదుకుంటారేమోనని చూశాను. ఆవిడ అప్పటికే అవ్వ పక్కన నేలమీద కూర్చుని, ఏ దారిన వచ్చేవారో అడిగి రాసుకుంటున్నారు.

తిరుగు బస్సులో "గడువు పోతుంది మేడం" అన్నాను.

"పోనీ" అన్నారు.

ఆ ఏడు నాకు పట్టా రాలేదు. చాలా రోజులు ఆవిడ మీద కోపంగానే ఉన్నాను. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ కోపం తలచుకుంటే నా మీద నాకే జాలి.

కాయలు కొనకుండానే, ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీకి వచ్చాను. భీమె ఊళ్లో పండుగ ఇంకా కాలేదు. నా విద్యార్థిని ఒకమ్మాయి వేరే ఊరి గురించి "నిర్జన గ్రామం" అని రాసుకొచ్చింది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది, కొట్టేయడం ఎంతసేపు? మూత పెట్టేసి, "రేపు పొద్దుటి బస్సుకు వెళ్దాం. ఆ ఊరివాళ్లకు చదివి వినిపించు" అన్నాను.

ఆ పిల్ల గొణుక్కుంటూనే ఒప్పుకుంది.