ఎల్లారెడ్డి జాబితాలో సున్నాలు

ఎనభయ్యో దశకం నడుమ ఒక జూన్‌లో, డిగ్రీ ఫలితాల ప్రత్యేకాధికారిగా విశ్వవిద్యాలయం నన్ను కామారెడ్డికి పంపింది. నిజం చెప్పాలంటే ‘ప్రత్యేకాధికారి’ అన్నది ఆర్డరులో లేదు, నేను తగిలించుకున్నది. నేను కంప్యూటర్ సైన్సు లెక్చరర్ని. ఫలితాల కట్టను బస్సులో తీసుకెళ్లి కళాశాలలో అప్పగించడమే నా పని.

అప్పట్లో మార్కులను అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టేవారు. నేను రాసిన ప్రోగ్రాం వాటిని చదివి, కూడి, పాసో ఫెయిలో తేల్చేది.

జాబితా గోడకెక్కిన గంటకే ఎల్లారెడ్డి నుంచి వచ్చిన సుగుణ అనే విద్యార్థిని నా ముందు నిలబడింది. వృక్షశాస్త్రం ప్రాక్టికల్సులో ఆమెకు సున్నా. బీఈడీ దరఖాస్తుకు ఎల్లుండే ఆఖరు.

“సార్, నేను ప్రాక్టికల్ చేసిన. ఆకు కోసి గాజుపలక మీద పెట్టిన, ఎగ్జామినర్ సారు చూసిండు. సున్నా ఎట్లొస్తది?”

యంత్రం పొరపడదని గంభీరంగా చెప్పాను. పక్క బల్ల మీది పరీక్షల గుమాస్తా ఖాదర్ సాబ్ కళ్లద్దాలు సర్దుకుని జాబితా తిప్పుతున్నాడు.

“ఎల్లారెడ్డి పిల్లలందరికీ సున్నానే ఉన్నది సార్. రానోళ్లకు మేము గైర్హాజర్ అని రాస్తం. వచ్చి ఏం చెయ్యకుంటే సున్నా ఏస్తం. మార్కుల కాగితమే రాకుంటే, మీ మిషన్ ఏం రాస్తది?”

నాకు జవాబు తెలుసు. ఖాళీ గడిని అది సున్నాగా చదువుతుంది. దాన్ని ఆపడానికి ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నేను రాయలేదు.

ఖాదర్ సాబూ నేనూ ఎల్లారెడ్డి బస్సెక్కాం. మార్కుల కవరు అక్కడి పరీక్షా కేంద్రం బీరువాలోనే ఉంది. లక్కముద్ర లేకుండా కవరు పంపకూడదని నియమం. లక్క అయిపోయిందట, కొత్తది వచ్చేదాకా ఆపారట. అక్కడి నుంచే పరీక్షల నియంత్రణాధికారికి ట్రంక్‌కాల్ చేసి, ముద్ర లేకుండానే కవరు తీసుకుని ఆ మార్కులు కలపడానికి అనుమతి తీసుకున్నాను. మర్నాడు కామారెడ్డి ప్రిన్సిపాల్ తాత్కాలిక ధ్రువపత్రాలు రాసిచ్చారు. సుగుణ దరఖాస్తు గడువులోపే అందింది.

తర్వాత వైస్‌ఛాన్సలర్‌నయ్యేదాకా, అయ్యాక కూడా, ఈ కథ ఎన్నో సభల్లో చెప్పాను. కామారెడ్డికి వచ్చే బస్సులో జాబితా చూడగానే లోపం నాకే తట్టిందన్నాను. అది అబద్ధం. నా నివేదికలోనూ “పరిశీలనలో తేలినది” అని రాశాను, పరిశీలించిన మనిషి పేరు రాయలేదు.

ప్రోగ్రామును మాత్రం విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చిన మర్నాడే సరిచేశాను. వైస్‌ఛాన్సలర్‌గా ఒక ఉత్తర్వు ఇచ్చాను: ఏ ఫలితమైనా ప్రకటించడానికి ఒకరోజు ముందు కళాశాల పరీక్షల గుమాస్తా చేతికి వెళ్లాలి. లెక్క తప్పలేదని యంత్రం చెప్పగలదు. లెక్కలోకి రానిదేమిటో ఆ పిల్లలను ఎరిగినవాళ్లనే అడగాలి.