అరిగిన బొడిపె

వెంకటనర్సయ్య ముప్పై రెండేళ్లు ఒక వైద్య కళాశాలలో ఎముకల గదికి అటెండరు. రిటైరై కర్మన్‌ఘాట్‌లో ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకోలేదు. అదృష్టమో దురదృష్టమో, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న ఓ చిన్న కంపెనీ ఆయన్ను పనికి పిలిచింది.

ఆ పనే విచిత్రం. స్కానుల్లోంచి తీసిన తొడ ఎముకల బొమ్మలను కంప్యూటర్లో తిప్పుతూ, మోకాలి దగ్గరి బొడిపెల కొసలు ఎక్కడున్నాయో చుక్కలు పెట్టాలి. అలా వేల చుక్కలు చూసి యంత్రం ఆ చోటు తనంతట తానే పట్టడం నేర్చుకుంటుంది. మోకీలు మార్చే డాక్టర్లు ఆ చుక్కలను బట్టి కొత్త కీలు ఎంత తిప్పి బిగించాలో లెక్క వేసుకుంటారు. తెర మీద తడమడానికేముంటుంది? వెంకటనర్సయ్య కళ్లు మూసుకుని, బల్ల మీద బొటనవేలు కదిపి, ఎముక వేలికి గుర్తొచ్చాకే చుక్క పెట్టేవాడు. పక్కవాళ్లు నవ్వుకున్నా, ఎనిమిది నెలలు ఆయన చుక్కకు తిరుగు లేదు.

మొన్న బిందుమాధవి పిలిచింది. ప్రోగ్రాము రాసే పిల్ల, గుంటూరు వాళ్లమ్మాయి. లోపలి బొడిపె దగ్గర యంత్రం ప్రతిసారీ మూడు మిల్లీమీటర్లు వెనక్కి పెడుతోందని, పరీక్షించిన సర్జన్ రాశాడట. యంత్రం చుక్కా ఆయన చుక్కా ఒక్కచోటే పడుతున్నాయి కాబట్టి సర్జనే పొరబడ్డాడని ఆ పిల్ల నమ్మకం. నేర్పిందే ఆయనయ్యె, కలవక ఏం చేస్తాయి?

"మీరు సరేనంటే అదే రాసి పంపేస్తానండీ," అంది.

సరేనంటే ఉద్యోగం ఉంటుంది, పరువూ ఉంటుంది. వెంకటనర్సయ్య బొమ్మను చాలాసేపు తిప్పాడు. కంటికి కొస ముందుకే కనబడుతోంది. వేలికే వెనక ఉంది. అలా ఎందుకో అప్పుడు తట్టింది. కళాశాల ఎముకల గదిలో ఉన్నవి పదంటే పది తొడ ఎముకలు. ఏటా వందమంది పిల్లలు బొడిపె ఏదని అక్కడే నొక్కీ నొక్కీ, ముందు కొస అరిగిపోయింది. మిగిలిన ముక్కనే ఇన్నాళ్లూ కొస అనుకున్నాడు.

"డాక్టర్ సాబ్ చెప్పిందే కరెక్ట్ బిడ్డా. నేను అరిగిన బొక్కల మీద నేర్చుకున్న. నా చుక్కలన్నీ తీసెయ్."

బిందుమాధవికి ఆయనంటే ఇష్టం కాబట్టి బాధ కలిగింది. కొత్త చుక్కలు ఇస్తే యంత్రం రెండు రోజుల్లో పాతది మరిచిపోతుందని, బెంగ వద్దని సముదాయించింది. ఆయన చేతనే మళ్లీ పెట్టించింది. కళ్లు మూసి మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లూ వెనకే పడింది.

ఆయన మౌస్ వదిలేశాడు.

"మిషన్ మర్చిపోతది బిడ్డా. పరీక్షలప్పుడు పోరగాండ్లు నా దగ్గరికే ఒచ్చేటోళ్లు. వాళ్ల వేలు పట్టి ఆడ పెట్టించింది నేనే. గిప్పుడు వాళ్లంత డాక్టర్లు. వాళ్లెట్ల మర్చిపోతరు?"